ఊపిరి తర్వాతి దెబ్బ

అద్దపు పెట్టె పలక మీద కిహెయ్ పళ్ళగాట్లు తొమ్మిది. పైన అయిదు, కింద నాలుగు. ఎడమవైపు గాటు మిగతావాటికన్నా లోతు. ఆ పన్ను మీదే ఆయన భారమంతా మోపేవాడు. ఆయన పోయాక ఇంట మిగిలిన భార్య ఫుసాయె వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, ఆ గాట్ల మీదుగా ఒకసారి బొటనవేలు నడిపి, పలకను నోట్లో పెట్టుకుని గట్టిగా కరిచింది. పై పళ్ళసెట్టు చిగుళ్ళు వదిలి జారింది. తీసి నీళ్ళలో జాడించి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ కరిచింది. మళ్ళీ జారింది.

ఉని పట్టేవాళ్ళకి నోరు కూడా ఒక చెయ్యే. పడవ అంచు మీద బోర్లా వాలి, అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టెను నీటికి ఆనించి, దాని పలకను పళ్ళతో పట్టుకోవాలి. అప్పుడే అడుగున రాళ్ళకి అతుక్కున్న ముళ్ళబంతుల్లాంటి ఉనులు కనిపిస్తాయి. రెండు చేతులూ పొడుగు గడకి కావాలి. ఒక కాలు తెడ్డుకి కావాలి. ఇక మిగిలేది నోరే.

"పడవని కొరుక్కుతింటావా ఏంటక్కా?" అంది రిత్సుకో కంచె అవతలనుంచి. పక్కింటావిడ. సముద్రం కొట్టుకొచ్చిన దుంగలతో కట్టిన ఆ కంచె నడుము ఎత్తు కూడా ఉండదు.

"ముందు పెట్టె. పడవ తర్వాత," అంది ఫుసాయె.

రిత్సుకో నవ్వలేదు. నాచు పరిచిన రాళ్ళ మీదికి వంగి, తడి ఆరిన ఆకుల్ని తిరగేస్తూ ఉండిపోయింది. అంతలో సంఘం పెద్ద హతనక దారిన రావడం చూసి, పని వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఎందుకు వస్తున్నాడో ఇద్దరికీ తెలుసు.

హతనక అరుగు మీద కూర్చుని టోపీ తీసి మోకాలికి తగిలించాడు. "వదినమ్మా, ఈ నియమం నేను పెట్టింది కాదు. మగదిక్కు పోయిన ఇంటికి మూడు జెండాలు, మూడు వేట రోజులు. ఆ మూడింట్లో ఒక్కరోజైనా ఆ ఇంటి మనిషే పడవ వేసి, గంపనిండా ఉనితో, ఏడున్నరలోపు సొంత ఒడ్డు చేరాలి. లేకపోతే పట్టే హక్కు సంఘానికి తిరిగొస్తుంది."

"అందరి ఇళ్ళకీ మూడేనా?"

"కొడుకు అందుకుంటే గడువు లేదు. అది నీకూ తెలుసు."

"తెలుసు. మీ నోట విందామని అడిగాను."

హతనక టోపీ అంచు తిప్పాడు. "ఎందుకమ్మా ఈ శ్రమ? రిత్సుకో అల్లుడు రెండేళ్ళుగా హక్కు కోసం కాచుకుని ఉన్నాడు. పెద్దభూమినుంచి వచ్చి ఈ దీవిలోనే ఉంటానన్నవాడు ఈ రోజుల్లో ఎవడున్నాడు చెప్పు? హక్కు వాడి పేర పెట్టు. నీ వంటింటికి కావలసిన ఉని వాడిస్తాడు. నీ ఇంట దిగినవాళ్ళకి గిన్నె ఆగదు."

"నలభై ఒక్క ఏళ్ళు ఈ ఒడ్డున దిగిన ప్రతి ఉనినీ నేనే చీల్చాను. ఇప్పుడు ఇంకొకరి గంపలోకి చూస్తూ కూర్చోమంటారా?"

"చీల్చడం వేరు. పట్టడం వేరు."

"మూడు జెండాల్లో తెలుస్తుందిగా."

ఆయన లేచి, వెళుతూ వెళుతూ గోడకి వేలాడుతున్న, పడవని ఒడ్డుకి పిలవడానికి మోగించే ఖాళీ కిరసనాయిలు డబ్బావైపు చూశాడు. ఇక దాన్ని కొట్టేదెవరని అడగబోయి, మానుకున్నట్టు కనిపించాడు.

*

జూన్ నెలాఖరుకి కొండగట్టు మీద పూలు విచ్చుకుంటాయి. అప్పటినుంచి ఓడ వచ్చినప్పుడల్లా సంచులు తగిలించుకున్నవాళ్ళు దిగుతారు. ఫుసాయె మేడమీది రెండు గదులూ వేసవిలో వాళ్ళకే. ఓడరేవు దగ్గర ఆమె పెట్టిన పలక మీద కిహెయ్ దస్తూరీతో రెండే మాటలు: "కొండ కనిపిస్తుంది. ఉని ఆ పూటదే." హక్కు పోతే ఆ పలకలో సగం చెరిపెయ్యాలి. సగం పలకకి ఎవరూ రారు.

ఆ వారం మేడమీద ఉన్నది మురోయ్ గారు ఒక్కతే. ఒకయామాలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా వచ్చింది. సముద్రానికి అవతల రిషిరి కొండ మబ్బు తొలగించుకుని నిలబడితే అందరూ కెమెరాలు తీస్తారు. ఈవిడ ఒకసారి చూసి, "బాగుంది," అని, "జెండా ఎప్పుడు ఎగురుతుందండీ?" అని అడిగింది.

"గాలి తగ్గాలి. నీళ్ళు తేరుకోవాలి. తెల్లవారుజామున పెద్దలు వచ్చి చూసి చెబుతారు."

"పూలకోసం వచ్చానని అక్కచెల్లెళ్ళకి చెప్పాను. మీకు నిజం చెప్పడానికేం? గిన్నెకోసం వచ్చాను."

మర్నాడే సంఘం స్తంభానికి తెల్లజెండా ఎగిరింది. అయిదు గంటలకి పదమూడు పడవలు నీళ్ళలో దిగాయి. పద్నాలుగోది ఫుసాయెది. కిహెయ్ చివరి రెండు వేసవుల్లో ఆయన మోకాళ్ళు మొరాయిస్తే వేట లేని రోజుల్లో తెడ్డు ఆమే వేసింది కాబట్టి పడవ ఆమె మాట విన్నది. పెట్టె మాత్రం వినలేదు. చిన్న అల లేచినా పెట్టె పైకి పొడుచుకొచ్చేది, పళ్ళసెట్టు ఊడేది. అది ఊడినప్పుడల్లా ఒక చేత్తో గడ, ఒక చేత్తో నోరు పట్టుకునేది. ఈలోపు అడుగు కలకబారి, చూస్తున్న ఉని మాయమయ్యేది. పక్క పడవలోంచి ఎవరో "ఫుసాయె పిన్నీ, పళ్ళు నీళ్ళలో పడేస్తే ఉనులు పెట్టుకుంటాయి జాగ్రత్త," అని అరిచాడు. ఆమె చేత్తో పొమ్మన్నట్టు విదిలించింది.

ఒడ్డుకి వచ్చేసరికి గంపలో ఏడు ఉన్నాయి. లెక్కపెట్టడానికి హతనక వంగనైనా వంగలేదు.

ఏడింటినీ ఆమె వంటింట్లోకి తీసుకెళ్ళి, చీల్చి, పసుపుపచ్చని నాలుకల్లాంటి కండని సముద్రపు నీళ్ళలో ఒకసారి ఊపి, వేడి అన్నం మీద వేసి మురోయ్ గారి ముందు పెట్టింది. మురోయ్ గారు చేతులు జోడించింది. గిన్నె మాత్రం ఎత్తలేదు.

"ఈ ఏడే కదా వచ్చింది?"

"ఏడు సంఘానికి పెట్టడానికి తక్కువ. గిన్నెకి సరిగ్గా సరి. తినండి, ఆలస్యమైతే అన్నం వేడి దాన్ని వండేస్తుంది."

ఆవిడ ఒక్కొక్క నాలుకనీ విడిగా తిన్నది. చివరిది నోట్లో పెట్టుకుని కిటికీవైపు తిరిగింది. "మీకు మిగతా రెండు రోజులూ ఉన్నాయిగా," అంది కాసేపటికి. గిన్నె కడగడానికి తీసుకున్నప్పుడు చూస్తే ఒక్క మెతుకు లేదు.

ఆ మధ్యాహ్నం ఫుసాయె కొట్టంలోంచి పాత సైకిల్ ట్యూబు తెచ్చి, బద్దలుగా కోసి, పలకకి చుట్టసాగింది. కిహెయ్ గాట్లు ఒక్కొక్కటే రబ్బరు కింద పడ్డాయి. లోతైన గాటు దగ్గర చెయ్యి ఆగింది. ఆ పైన ఇంకో చుట్టు ఎక్కువే వేసి, చేపల దారంతో బిగించింది. పళ్ళసెట్టు తీసి చిన్న గిన్నెలో పెట్టి, ఉత్త చిగుళ్ళతో పలకని పట్టి చూసింది. నొప్పి పుట్టింది. కానీ జారలేదు. బకెట్లో నీళ్ళు పోసి, దానిమీద పెట్టె పట్టుకుని, దవడ వణికేదాకా అలాగే వంగి ఉంది.

*

రెండో జెండా మూడురోజుల తర్వాత ఎగిరింది.

పళ్ళు వంటింటి అలమరలో వదిలి వెళ్ళింది. ఆ పూట సముద్రం గాజులా ఉంది. రబ్బరు చిగుళ్ళని కోసింది, రక్తం ఉప్పునీళ్ళతో కలిసి గొంతులోకి దిగింది, కానీ పెట్టె కదల్లేదు. అడుగున నాచు పక్కకి ఒత్తిగిల్లినప్పుడల్లా ఉనులు కనిపించాయి. గడ కొసకున్న మూడు కొంకుల మధ్య ఒకటి ఇరికించడం, పైకి లాగడం, గంపలో విదిలించడం. కిహెయ్ దీన్ని ఒక్క ఊపిరిలో చేసేవాడు. ఆమెకి మూడు పట్టాయి. అయినా గంప నిండుతోంది.

ఒడ్డునుంచి డబ్బాల మోత మొదలైంది.

ఈ ఊరు, ఒతానైలో, మైకు ఉంది కానీ, గాలికి దాని అరుపు పక్క ఊరికి వినిపిస్తుంది, పడవకి వినిపించదు. అందుకే ఇక్కడ ఇంటికో డబ్బా, డబ్బాకో మోత. తన మగవాడు ఎంత దూరాన ఉన్నాడో, ఎంతసేపట్లో తిరిగి రాగలడో ఇల్లాలికే తెలుసు. దూరం వెళ్ళినవాడి ఇల్లాలు ముందు కొడుతుంది, దగ్గరున్నవాడి ఇల్లాలు తర్వాత కొడుతుంది. మగవాడు తన ఇంటి మోతకే తలెత్తుతాడు. పక్కింటి మోతకి తలెత్తితే పావుగంట వేట పోయినట్టే. ఒక ఇంటి మోతని ఇంకో ఇంటి చెయ్యి కొట్టదు. పొరుగింటి పొయ్యి మనం రాజెయ్యం, ఇదీ అంతే. ఫుసాయె మోత మూడు దెబ్బలు, ఒక ఊపిరి విడుపు, మళ్ళీ ఒక దెబ్బ. పక్కన రిత్సుకోది రెండు రెండు.

పెట్టెలో ముఖం పెట్టుకునే ఆమె మోతలు విన్నది. హసేవా వాళ్ళది. చివరింటి వాళ్ళది. ఇంకా టైముంది అనుకుంది. రెండు రెండు మొదలైంది. అదీ విని, ఇంకో ఉనిని లాగింది. తన మోత ఇంకా రాలేదుగా.

గడ సగం నీళ్ళలో ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది.

తన మోత కొట్టేది తనే. డబ్బా గోడకి వేలాడుతోంది. తను నీళ్ళ మీద ఉంది.

తలెత్తి చూస్తే చుట్టూ ఒక్క పడవ లేదు.

తెడ్డు వేస్తూ వచ్చేసరికి ఏడూ నలభై ఒకటి. గంప అంచుదాకా నిండి ఉంది. ఒడ్డున ఆడవాళ్ళందరూ చేతులు ఏప్రాన్లలో పెట్టుకుని నిలబడ్డారు. హతనక గడియారం చూసి, ఆమెకి కూడా చూపించాడు. నోట పళ్ళు లేక ఆమె ఏమీ అనలేదు. పెద్దాయనే గంప చెవులు పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి, మొత్తం బోర్లించాడు. ఉనులు దొర్లి రాళ్ళ మధ్యకి పోయాయి. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. ఖాళీ గంప తెచ్చి, కడిగి, ఆమె పాదాల దగ్గర తిన్నగా నిలబెట్టి వెళ్ళాడు.

మురోయ్ గారు కంచె దగ్గర నిలబడి ఇదంతా చూసింది. "పదకొండు నిమిషాలు," అంది ఎవరితోనో అన్నట్టు. "పోస్టాఫీసులో పదకొండు నిమిషాలు ఆలస్యమైతే టీ తాగి రమ్మనేవాళ్ళం."

అప్పుడు రిత్సుకో నోరు విప్పింది. ముఖం నాచు రాళ్ళవైపే ఉంది. "అక్కా, నీ ఎదురుగానే చెబుతున్నా. నువ్వు మునిగావని నాకు సంతోషం లేదు. కానీ నీకు హక్కు మిగిలితే నా కూతురూ, దాని మొగుడూ, బుడ్డిదీ చలికాలం రాకముందే ఓడెక్కేస్తారు. నన్ను ఏం కోరుకోమంటావు?"

ఫుసాయె లోపలికి వెళ్ళి పళ్ళు పెట్టుకుని వచ్చింది.

"నిన్ను ఏమీ కోరుకోమనలేదు. నాకింకో జెండా ఉంది."

*

గాలి రెండురోజులు కొట్టింది. జెండా లేదు. ఆ రెండురోజుల్లో ఫుసాయె గడ కొంకులు సానపట్టింది, ట్యూబు మీద మెత్తటి గుడ్డ ఒక పొర చుట్టింది, తెడ్డు తాడు మార్చింది. ఆ తర్వాత డబ్బా దించి మురోయ్ గారి ఎదుట పెట్టింది.

"మీరు ఈ ఊరివారు కారు. మీ చేతికి ఇల్లు లేదు కాబట్టి తప్పు లేదు. నేర్చుకుంటారా?"

మురోయ్ గారు గరిటె అందుకుని కొట్టింది. నాలుగూ టకటకా పడ్డాయి.

"మూడు. ఊపిరి. ఒకటి."

ఈసారి ఊపిరి మరీ పొడుగైంది. చివరి దెబ్బ ఇంకెవరిదో అన్నట్టు వినిపించింది.

"అలా కొడితే చేపలు కూడా ఇల్లు తప్పి వెళతాయి," అంది కంచె అవతల రిత్సుకో. అని, అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు పాక తలుపు విసిరి మూసింది.

సాయంత్రానికి మురోయ్ గారి చెయ్యి కుదిరింది. కానీ మర్నాడు తెల్లవారుజామున జెండా ఎగిరింది, అదే ఆవిడ ఓడ రోజు. పొద్దుటి ఓడ ఎక్కకపోతే ఒకయామాలో అక్కగారి ఏడాది పూజకి అందుకోలేదు. ఏడింటికల్లా బస్సు. ఆవిడ వంటింటి గుమ్మంలో సంచి భుజాన వేసుకుని నిలబడింది.

"ఉండిపోతాను. అక్కయ్య ఏమీ అనుకోదు, బతికున్నప్పుడే ఏమీ అనుకునేది కాదు."

"వెళ్ళండి," అంది ఫుసాయె, చేతులకి రబ్బరు తొడుగులు ఎక్కించుకుంటూ. "పోయినవాళ్ళని కాచుకునేలా చెయ్యకూడదు. వాళ్ళకి ఇంకో రోజు ఉండదు."

మురోయ్ గారు సంచి దించి, లోపల వెతికి, అరచేతిలో ఇమిడే ప్రయాణపు అలారం గడియారం తీసింది. ముల్లు ఏడూ పదికి తిప్పింది. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి ఫుసాయె చేతిలో పెట్టింది. "ఇది కొట్టుకుంటుంది. ఇంటివాళ్ళలా కాదు, అందరికీ ఒకేలా."

ఇంటికి వచ్చినవాళ్ళని రేవుదాకా దిగబెట్టడం ఫుసాయెకి అలవాటు. ఓడ కదిలినాక వెనక్కి తిరిగి నడవడమే ఆమెకి ఈ వయసులోనూ చేతకాని పని. ఈసారి తనే ముందు నీళ్ళలోకి వెళుతోంది. మురోయ్ గారు ఒడ్డున నిలబడింది. పడవ రాళ్ళ సందు దాటేదాకా ఫుసాయె తల తిప్పలేదు.

నీళ్ళు మంచివి. ఆరున్నరకి గంప సగం దాటింది. రిషిరి కొండ నడుముదాకా స్పష్టంగా ఉంది. ఆ తర్వాత కొండ లేదు. ఫుసాయె పెట్టె వదిలి చూసింది. పడమటినుంచి మంచు నీటిమీద పాక్కుంటూ వస్తోంది. జులైలో ఇది మామూలే. తిరిగిపోవచ్చు. గంపలో ఇంకా బెత్తెడు ఖాళీ ఉంది. నిండని గంపకి ఏడు ఉనుల గంపకన్నా విలువ ఎక్కువేం లేదు. ఆమె మళ్ళీ పలకని చిగుళ్ళ మధ్య ఇరికించుకుంది.

ఏడూ పదికి సంచిలో గడియారం పిచ్చిపిట్టలా కూసింది. గంప నిండింది. తలెత్తితే పడవ ముక్కు కూడా కనిపించలేదు.

టైము తెలిసింది. ఒడ్డు ఎటో తెలియలేదు.

తెడ్డు పైకెత్తి, ఊపిరి బిగబట్టి విన్నది. డబ్బాలు కొడుతున్నారు. కుడివైపు ఒకటి, ఎక్కడో దూరాన ఇంకొకటి. మంచులో ప్రతి మోతా నాలుగువైపులనుంచీ వస్తుంది. ప్రతి ఇంటి ముందూ రాళ్ళలో పడవ పట్టేంత సందు ఒకటే. పొరుగింటి మోత పట్టుకుని వెళితే పొరుగింటి రాయి మీదికే. అయినా రెండు రెండు వినిపిస్తోంది, ఎదురుగా కొంచెం ఎడమకి. రిత్సుకో తన మొగుడు తొకుజీకోసం కొడుతోంది. దానికి కుడిగా రెండు పడవల దూరం పోతే తన సందు. ఫుసాయె ఆ రెండు రెండునే తాడులా పట్టుకుని తెడ్డు వేసింది. ఇరవై తెడ్లు. ముప్ఫై.

రెండు రెండు ఆగిపోయింది.

తొకుజీ ఒడ్డెక్కాడన్నమాట. ఆవిడ పని అయిపోయింది. అందులో తప్పేముంది? తనైనా అంతే, కిహెయ్ పడవ ఇసుక తాకగానే గరిటె పక్కన పడేసేది. ఎన్నోసార్లు అవతల ఎవరైనా ఇంకా నీళ్ళ మీద ఉన్నారా అని కూడా చూసేది కాదు.

పడవ అటూ ఇటూ ఊగింది. రాయికి నీళ్ళు తగిలే చప్పుడు ఎడమనా, కుడినా? ఆమె తెడ్డు అడ్డంగా పెట్టి పడవని నిలిపింది. గడియారం చూసింది. ఏడూ పంతొమ్మిది. కదలకుండా ఉంటే మంచు కరుగుతుంది, ఏ ఎనిమిదింటికో. కదిలితే రాయి. ఆమె కదలడానికే నిశ్చయించుకుని తెడ్డు దించింది.

అప్పుడు వినిపించింది.

మూడు దెబ్బలు. ఊపిరి. ఒకటి.

ఫుసాయె తెడ్డు అలాగే నీళ్ళలో ఉంచి విన్నది. నలభై ఒక్క ఏళ్ళు ఆ మోత ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళమీదనుంచి దాన్ని ఎప్పుడూ వినలేదు. డబ్బా పక్కన నిలబడితే అది చెవులు చిల్లులు పడే రేకు చప్పుడు. ఇక్కడికి వచ్చేసరికి అంచులన్నీ అరిగి, ఎవరో తలుపు తీసి పేరు పెట్టి పిలిచినట్టు ఉంది. కిహెయ్ రోజూ వింటున్నది ఇదా? ఒక్కనాడూ చెప్పలేదే.

మూడు. ఊపిరి. ఒకటి.

మురోయ్ గారే అనుకుంది. బస్సు వదులుకుందన్నమాట, మొండిమనిషి. కళ్ళు మూసుకుంది. తెరిచి ఉన్నా ఉపయోగం లేదు. మోత ముక్కుకి సూటిగా వచ్చేదాకా పడవ తిప్పి, తెడ్డు వేసింది. ఎడమన రాయి గీరుకున్న చప్పుడైంది, కుడిన నాచు వాసన వచ్చింది, మధ్యలో పడవ జారింది. అడుగు ఇసుక తాకింది.

ముందు హతనక కనిపించాడు, చేతిలో గడియారంతో. ఆయన పక్కన, ఫుసాయె డబ్బా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రిత్సుకో.

పడవ ఆగిందని చూశాక కూడా రిత్సుకో ఇంకోసారి కొట్టింది. చెయ్యి దానంతటది ఆగలేదు.

హతనక గంపలోకి చూశాడు. అంచు మీద అరచెయ్యి తిన్నగా పెట్టి కొలిచాడు. గడియారం చూశాడు. "ఏడూ ఇరవై ఆరు," అన్నాడు. జేబులోంచి పుస్తకం తీసి, కిహెయ్ పేరు ఉన్న గీతకింద ఫుసాయె పేరు రాశాడు. రాసి, రిత్సుకోవైపు ఒకసారి చూసి, ఏదో అడుగుదామనుకుని, "నా వల్ల కాదు ఈ మంచు," అని గొణుక్కుంటూ తర్వాతి ఒడ్డుకి నడిచాడు.

ఫుసాయె గంప దించింది. పడవ అంచు పట్టుకుంది. రక్తపు ఉమ్మి పక్కకి ఊసి, రిత్సుకోకేసి చూసింది.

"ఏం చూస్తావు?" అంది రిత్సుకో. "మీ ఒకయామా ఆవిడ గరిటె ఇక్కడే పెట్టి వెళ్ళింది. బస్సెక్కేముందు నాకేసి చూసి దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది, నేనేదో ఒప్పుకున్నట్టు. నేనేమీ ఒప్పుకోలేదు." ఆమె డబ్బాని పక్కకి నెట్టింది. "ముప్ఫై ఏళ్ళు మా ఇంటి మోత అవగానే నీ మోత వినడం అలవాటు. ఇవాళ మాది అయింది, నీది రాలేదు. ఇంట్లోకి పోదామనుకున్నా. కాళ్ళు పోలేదు."

ఫుసాయె తల ఊపింది. రిత్సుకో ఇంకేదో పనున్నట్టు కొట్టంలోంచి తిరగేసిన పెట్టె లాక్కొచ్చి గంప పక్కన కూర్చుంది. మొలలోంచి సొంత కత్తి తీసింది. "పదింటికల్లా సంఘం బండి వస్తుంది. ఒక్కదానివి ఎన్ని చీలుస్తావు? ఊరికే నిలబడకు."

మొదటి ఉనిని రెండు వక్కలు చేసి, కండ చెడకుండా చెంచాతో తీసి, నీళ్ళగిన్నెలో వదిలింది. తలెత్తకుండానే అంది: "బుడ్డిదానికి ఆకుపచ్చ డబ్బా ఇష్టమని నా పిల్ల రంగు కొనిచ్చింది. దానికీ ఒక మోత నేర్పుదామనుకున్నా. ఇక శరత్కాలంలో వెళతారు. వెళ్ళనీ."

మంచులో రేవువైపునుంచి ఓడ కూత వినిపించింది. పొడుగ్గా ఒకటి, కాస్త ఆగి మరొకటి. ఇద్దరూ అటు తిరిగారు. ఏమీ కనిపించలేదు. మురోయ్ గారు పైతట్టున ఏ కమ్మీ పట్టుకుని నిలబడి ఉందో, ఇటే చూస్తోందో. ఫుసాయె చెయ్యి లేవబోయి, తడి తొడుగు తుడుచుకుని ఆగింది. కనిపించనివాళ్ళకి చెయ్యి ఊపడం ఎలాగో ఆమెకి తెలియదు.

ఆమె లోపలికి వెళ్ళింది. అలమరలో చిన్నగిన్నెలోంచి పళ్ళు తీసి, ముఖం కడుక్కుని, పళ్ళు పెట్టుకుంది. చిగుళ్ళు మండాయి. గంపలోంచి చేత్తో తూచి చూసి అన్నింటికన్నా బరువైన ఉనిని ఒకటి ఏరి, చీల్చి, ఆ సగం చిప్పనే గిన్నెగా చేసి రిత్సుకో ముందుకి జరిపింది. తన కత్తి తీసుకుని ఎదురుగా పీట వేసుకుంది.

"చివరి దెబ్బ తొందరగా వేశావు," అంది.

రిత్సుకో కత్తి ఆగింది. "ఏంటీ?"

"మూడు కొట్టాక ఊపిరి పూర్తిగా వదలాలి. నువ్వు సగంలోనే కొట్టేశావు. అక్కడ రాయి ఉంది, కొంచెంలో తప్పింది."

"ఇన్నేళ్ళూ వినీ వినీ, అలాగే కొట్టాననుకున్నా."

"ఇక్కడినుంచి అలాగే వినిపిస్తుంది. అక్కడినుంచి వేరు. నాకూ ఇవాళే తెలిసింది."

రిత్సుకో చిప్పలోని కండని వేలితో నోట్లో వేసుకుంది. తర్వాత ఏప్రానుకి చెయ్యి తుడుచుకుని, డబ్బాని మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"రేపు జెండా ఎగిరితే నువ్వు నీళ్ళ మీదే ఉంటావుగా. ఎంతసేపు వదలాలో చెప్పు."

ఫుసాయె కత్తి పిడితో పెట్టె మీద మూడు దెబ్బలు కొట్టింది. ఊపిరి పూర్తిగా వదిలింది. రిత్సుకో గరిటె ఎత్తి పట్టుకుని, ఆమె ముఖంకేసి చూస్తూ కాచుకుంది.